మొక్కజొన్న చేనూ, ఏలియన్సూ, మా నాన్నా

మొన్న జనవరిలో ఒక శనివారం. బయట అడుగు మందాన మంచు, లోపల నేనూ, పన్నెండేళ్ల మావాడూ, ఒక పెద్ద గిన్నెడు పాప్‌కార్న్. ఏదన్నా పాత సినిమా పెట్టు నాన్నా అంటే ‘సైన్స్’ పెట్టాను. మన బళ్లో చెప్పే సైన్స్ కాదండీ, సంకేతాలు, గుర్తులు అనే అర్థంలో. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతున్నాయి, అందులో నా తప్పేం లేదు.

2002లో వచ్చింది ఈ సినిమా. తీసినాయన మనోజ్ నైట్ శ్యామలన్. ఈయన పుట్టింది మాహేలో. అంటే మన యానాం లాగే పుదుచ్చేరి కింద ఉండే ముక్క అన్నమాట. కథంతా పెన్సిల్వేనియాలోని బక్స్ కౌంటీలో, చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో ఒకే ఒక్క ఇల్లు. అందులో భార్య పోయిన ఒక మాజీ పాస్టర్ (మెల్ గిబ్సన్), ఆయన తమ్ముడు, ఉబ్బసం ఉన్న కొడుకు, ప్రతి గ్లాసులోనూ సగం నీళ్లు తాగి ఇల్లంతా వదిలేసే బుల్లి కూతురు. ఒక తెల్లారి చూస్తే చేలో పెద్ద పెద్ద వలయాలు. ఆ తర్వాత ఏలియన్స్. చూడనివాళ్లు ఇక్కడితో ఆపి సినిమా చూసి రండి, ఇకపై కథ చెప్పేస్తాను.

నాకిష్టమైన సంగతేంటంటే ఇందులో యుద్ధం ఉండదు. విమానాలూ, వైట్‌హౌస్ పేలిపోవడాలూ లేవు. ప్రపంచం మొత్తం మీద దాడి జరుగుతోందని టీవీలో చెబుతూ ఉంటారు, మనకి మాత్రం ఆ ఒక్క ఇల్లే కనిపిస్తుంది. పసిపిల్లల గదిలో పెట్టే బేబీ మానిటర్ లోంచి ఏవో కూతలు. కిటికీలకి చెక్కలు కొట్టుకోవడం. ఇల్లు వదిలి సరస్సు దగ్గరికి పోదామా, ఇక్కడే ఉందామా అని నలుగురూ కూర్చుని వోట్లు వేసుకోవడం. చివరికి ఇంట్లోనే ఉండిపోతారు.

ఇంతా చేసి ఆ ఏలియన్స్‌కి నీళ్లు పడవు. ఒంటి మీద పడితే కాలిపోతారు! మూడొంతులు నీళ్లున్న గ్రహం మీదికి, బట్టలు కూడా లేకుండా దిగారు. రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ చదవకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్లిపోయిన ప్రాజెక్ట్ అంటే ఇదే. ఇలాంటివి నేను స్వయంగా రెండు చేశాను కాబట్టి వాళ్లని పెద్దగా ఏమీ అనలేను.

మన జనం చాలామంది గమనించని విషయం ఇంకోటుంది. ఇందులో ఒక తెలుగు పేరు ఉంది. ఆ ఊరి పశువుల డాక్టర్ పేరు రే రెడ్డి! వేషం వేసింది శ్యామలనే. డ్రైవింగ్‌లో నిద్రపోయి, హీరోగారి భార్య చావుకి కారణమైన మనిషి. దాడి మొదలవగానే, నీళ్లున్నచోటికి వాళ్లు రావడం లేదనిపిస్తోంది, నేను సరస్సు దగ్గరికి పోతున్నా అని కారేసుకుని వెళ్లిపోతాడు. వెళ్తూ వెళ్తూ, ఒకణ్ణి మా స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేశానని కూడా చెప్తాడు. అంటే సినిమా మొత్తంలో ఇల్లూ, ఇంట్లో ఉన్న సమస్యా రెండూ అలాగే వదిలేసి, బాగుండే చోటు వెతుక్కుంటూ పోయేది ఎవరయ్యా అంటే రెడ్డిగారు. ఇరవై ఏళ్ల కిందట హైదరాబాద్‌లో రూమ్మేట్స్‌తో చూసినప్పుడు ఆ పేరు విని ఈలలు వేసాం. ఈసారి ఎందుకో ఈల రాలేదు.

సినిమా సగంలో మావాడు అడిగాడు: "వాళ్లు పక్కింటికి ఎందుకు వెళ్లరు?"

మంచి ప్రశ్నే. పక్కిల్లు ఉంటే కదా! ఈ దేశంలో రైతు ఇల్లు ఊళ్లో ఉండదు, పొలం నడిమధ్యలో ఉంటుంది. పశ్చిమాన ఐతే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం మనిషికి 160 ఎకరాలు ఇచ్చి, ఐదేళ్లు ఆ భూమ్మీదే ఇల్లు వేసుకుని కాపురం ఉండాలని షరతు పెట్టింది. పక్కింటివాణ్ణి కేకేస్తే వినపడదు. అమెరికా వాళ్ల భయం కథలన్నీ ఈ దూరంలోంచే పుట్టాయేమో అని నా అనుమానం. 2018లో వచ్చిన ‘ఎ క్వైట్ ప్లేస్’లోనూ అంతే, చేల మధ్య ఒంటరి ఇల్లు, చప్పుడైతే చస్తారని నడిచే దారంతా ఇసుక పోసుకున్న కుటుంబం.

మేముండేది న్యూజెర్సీలోని వెస్ట్ విండ్సర్‌లో. ఇక్కడే గ్రోవర్స్ మిల్ అని ఒక మూల ఉంది. 1938 అక్టోబర్ 30 రాత్రి ఆర్సన్ వెల్స్ రేడియోలో ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ నాటకం వేసినప్పుడు, అంగారకుడి మీంచి వచ్చినవాళ్లు మొట్టమొదట దిగింది ఇక్కడి విల్మత్ అనే రైతు పొలంలోనట. హెచ్.జి. వెల్స్ అసలు నవలలో వాళ్లు దిగేది ఇంగ్లండ్‌లోని వోకింగ్ దగ్గర, రేడియో వాళ్లు మా ఊరికి మార్చారు. అది వార్తలనుకుని దేశం దేశమే వీధిన పడిందని పత్రికలు రాశాయి గానీ, అంత లేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఏదేమైనా 1988లో, యాభై ఏళ్లయిన సందర్భంగా, వాన్ నెస్ట్ పార్కులో దీనికి ఒక స్మారకం కూడా పెట్టారు. విల్మత్ గారి పొలం ఉత్త కల్పనే, కానీ ఈ చుట్టుపక్కల నిజం పొలాలు ఉండేచోట్ల ఇప్పుడు మనవాళ్ల ఇళ్లున్నాయి. పన్ను లెక్కల ప్రకారం నేనూ ఒకప్పుడు నాన్ రెసిడెంట్ ఏలియన్‌నే, తర్వాత రెసిడెంట్ ఏలియన్‌కి ప్రమోషన్ వచ్చింది. కాబట్టి గ్రోవర్స్ మిల్‌లో ఏలియన్స్ దిగారన్నది మరీ అంత అబద్ధమేం కాదు :)

సరే, మావాడి ప్రశ్నకి వద్దాం. వాడికి ఉపన్యాసం దంచాను. "మన ఊళ్లో ఇలాంటి సినిమా తీయడం కుదరదురా! పొలాలు బయట, ఇళ్లన్నీ ఊళ్లో, గోడకి గోడ ఆనించి ఉంటాయి. రాత్రి తాతయ్య దగ్గితే మూడో ఇంటివాళ్లు పొద్దున్నే మిరియాల కషాయం తెస్తారు. ఏలియన్ దిగితే పది నిమిషాల్లో వీధి వీధంతా కర్రలు పట్టుకుని వస్తుంది, ఇంకో పది నిమిషాల్లో వాడిది ఏ ఊరో, ఎవరి తాలూకో అడిగేస్తారు" అని. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇది శనివారం. బుధవారం సంగతి చెప్తాను వినండి.

మాది తెనాలి వైపు ఒక పల్లె. అమ్మ పోయి నాలుగేళ్లయింది. నాన్నకి డెబ్బై ఆరు, ఒక్కడే ఉంటాడు. పొలం కౌలుకి ఇచ్చేసి, ఇంటి వెనకాల ఒక ఎకరం మాత్రం తన చేతిలో ఉంచుకున్నాడు. ఒకప్పుడు మా వైపు వరి కోతలకి కాస్త ముందు, చేలో వరి ఉండగానే మినుము చల్లేవాళ్లు. పల్లాకు తెగులు పుణ్యమా అని చాలామంది మొక్కజొన్నకి మారారు, నాన్న కూడా. రెండేళ్ల కిందట నేను పోరు పెట్టి ఇంటికి సీసీ కెమెరాలు బిగించాను. ముందొకటి, వెనకొకటి. ఏదన్నా కదిలితే నా ఫోన్‌కి కబురొస్తుంది. మామూలుగా వచ్చేది కుక్కే.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నర, స్టేటస్ కాల్‌లో ఉన్నాను. మనకి తెల్లవారుజాము మూడు. ఫోన్ మోగింది. వెనక కెమెరాలో చీకటి, మొక్కజొన్న, ఆ మొక్కల మధ్య తిరుగుతున్న ఒక లైటు. ఆగుతోంది, కిందికి వంగుతోంది, మళ్లీ కదులుతోంది. అబద్ధమెందుకు, ముందు గుర్తొచ్చింది సినిమానే. తర్వాత గుర్తొచ్చింది దొంగలు.

నాన్నకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు.

పక్కింటికి చేద్దామనుకున్నాను. కుడి పక్కవాళ్లు కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్నారు, ఇంటికి తాళం. ఎడమ పక్క పెద్దాయన పోయాడు, కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, ఆ ఇంటికీ తాళమే. ఎదురిల్లు అమ్మేశారు, కొన్నవాళ్లెవరో నాకు తెలీదు. ఆ పక్కన మా పెద్దమ్మ వాళ్లది, అమ్మాయి తీసుకెళ్లిపోయింది, బెంగుళూరు. ఫోన్‌లో పేర్లు కిందికి తోసుకుంటూ పోతున్నాను. మా వీధివాళ్ల నంబర్లు పదిహేడు ఉన్నాయండీ నా దగ్గర. ఆ రాత్రి ఆ వీధిలో పడుకున్న మనిషి నంబరు ఒక్కటీ లేదు.

చివరికి తెనాలిలో ఉన్న మా బాబాయి కొడుకుని లేపాను. వాడు బండేసుకుని వెళ్లేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని ఆ లైటునే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో ఎవరో నా పేరు పిలిచి డెప్లాయ్‌మెంట్ గురించి అడిగారు. అయిపోయిందన్నాను. అవలేదు.

చేలో ఉన్నది నాన్నే. తలకి కట్టుకునే లైటు పెట్టుకుని పురుగులు ఏరుతున్నాడు.

"పగలు సుడిలో దాక్కుంటయ్యిరా ఎదవలు. రాత్రయితే గానీ బయటికి రావు" అన్నాడు తమ్ముడి ఫోన్‌లో, ఏమీ జరగనట్టు. "ఫోన్ ఇంట్లో చార్జింగ్ పెట్టా. దీనికోసం వాణ్ణి ఇంత చలిలో లేపుతావా?"

కత్తెర పురుగు సంగతి మీలో వ్యవసాయం తెలిసినవాళ్లకి కొత్త కాదు. సొంత ఊరు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో తేలింది, 2018లో కర్ణాటకలో కనపడింది, ఆ ఏడే మన చేలలోకీ దిగింది. దీని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదంటారు. గుర్తుపట్టడం తేలిక: తల మీద తిరగేసిన ఇంగ్లీషు ‘వై’ అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు. నాన్న దీన్ని ‘మీ అమెరికా పురుగు’ అంటాడు, అక్కడికేదో నేనే సూట్‌కేసులో పంపినట్టు. మందు కొడతారు గానీ, లేత చేలో ఇంకో చిట్కా ఉంది. ఇసుకా సున్నమూ తొమ్మిదికి ఒకటి చొప్పున కలిపి సుడుల్లో పోస్తారు. వెల్స్ నవలలో అంగారకుల్ని చంపింది సూక్ష్మజీవులు, శ్యామలన్ సినిమాలో మంచినీళ్లు, మా నాన్న చేలో ఇసుక.

ఆ ఆదివారం నేనూ, చెల్లీ, నాన్నా వీడియో కాల్‌లో కూర్చున్నాం. చెల్లి పూణేలో ఉంటుంది. నాన్నా, ఇక చాలు, దాని దగ్గరికన్నా రా, లేదా ఇక్కడికన్నా రా అన్నాం. వాదన ముదిరి, సరే వోట్లు వేద్దాం అన్నాను. మేమిద్దరం ఒక పక్క, ఆయనొక్కడూ ఒక పక్క.

"మీ అమ్మ వోటు కూడా నాదేగా" అన్నాడు. "రెండూ రెండూ సమానం. ఇంకేందిరా?"

చెల్లి ఏడ్చింది. నేను కాసేపు ఊరుకుని, కనీసం రాత్రుళ్లు చేలోకి వెళ్లేటప్పుడు ఫోన్ జేబులో పెట్టుకో నాన్నా అన్నాను. అలాగే అన్నాడు. పెట్టుకోడు, నాకు తెలుసు.

మర్నాడు తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసి ఊరికి పంపాను. ఇల్లిల్లూ తిరిగి, తాళం లేనివి ఎన్నో లెక్కపెట్టి రమ్మన్నాను. మా వీధిలో ఇరవై రెండు ఇళ్లలో తొమ్మిది. ఎదురింట్లో కొత్తగా వచ్చినవాళ్లు మంచివాళ్లేనట, ఆయన కోళ్ల దాణా వ్యాపారం చేస్తాడట. ఆయన నంబరూ, తెల్లవారుజామున నాలుగింటికి పాలు పోయడానికి వచ్చే కుర్రాడి నంబరూ పంపాడు. రెండూ ఫోన్‌లో పెట్టుకున్నాను. ఎదురింటాయనకి చేసి నన్ను నేను పరిచయం చేసుకుంటే, "తెలుసండీ, కెమెరా అబ్బాయి కదా" అన్నాడు.