బసవ పురాణానికి ఆ పేరే తగినది

పాల్కురికి సోమనాథుడి ‘బసవ పురాణం’లో బసవేశ్వరుడి జీవితంతో పాటు కన్నప్ప, గొడగూచి, రుద్రపశుపతి, మడివాలు మాచయ్య లాంటి ఎందరో భక్తుల కథలున్నాయి. మరి ఒక్క బసవడి పేరే ఎందుకని అడగవచ్చు. కులం చూడకుండా శివభక్తులందరినీ తనవాళ్లనుకున్న మనిషి కథలో వాళ్లు లేకపోతేనే లోటు. శివుడికి తల్లి లేదని కుమిలి, తానే తల్లైన బెజ్జమహాదేవిని వదిలేసి బసవడి భక్తి ఎలాంటిదో చెప్పడం నావల్ల కాదు.

సృష్టి, మన్వంతరాలు లేనిది పురాణమెలా అవుతుందన్నది పండితుల లెక్క. సోమనాథుడు మాత్రం సామాన్యులు పాడుకునేలా ద్విపదలో రాశాడు. దేవతల కథలకు దక్కే గౌరవాన్ని 12వ శతాబ్దపు మనిషైన బసవడికీ, ఆయనతో నిలిచిన చాకలి మాచయ్యకూ ఇచ్చాడు. ఆ సామాన్యులకు ఇంతకన్నా సరైన పేరు లేదు. చదవనివాళ్లు గొడగూచి కథతో మొదలుపెట్టండి.