బందరు రేవుకి టీడీఎస్ పెన్నుతో

భీమడోలులో నిలబడితే సముద్రం కనపడదు. కానీ దాని ఉప్పు మాకు తెలుసు. కొల్లేరు నీళ్లు సముద్రంలోకి దిగే దారి ఉప్పుటేరు ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్లు. ఎండాకాలం కొల్లేట్లో నీళ్లు తగ్గితే అదే దారిన ఉప్పునీళ్లు ఎదురెక్కుతాయి. చెట్టున్నపాడులో మా మావయ్యకి బొచ్చె, శీలావతి పెంచే చెరువుంది. మార్చి దాటిందంటే రోజూ పొద్దున్నే కాలవ నీళ్లు నాలిక మీద వేసుకుని చూస్తాడు.

అందుకే బందరు పోర్టు పనులు టీవీలో చూసినప్పటి నుంచి ఆయనకి ఒకటే దిగులు. "సముద్రాన్ని తవ్వుతున్నారంట కదరా అల్లుడూ, ఆ ఉప్పు మన మీదకి రాదు కదా?" నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ణి, నాకేం తెలుసు! మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు, పద మావయ్యా చూసొద్దాం అని కారు తీశాను. వెయ్యి రూపాయల లోపు వచ్చే టీడీఎస్ పెన్ను ఒకటి ఆన్‌లైన్‌లో కొని జేబులో పెట్టుకున్నా.

ఏలూరు, కైకలూరు, ముదినేపల్లి మీదుగా వెళ్లాం. దారి పొడుగునా చెరువులే. 1999లో +5 కాంటూరు లోపలిదంతా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు కొట్టేశారు. మరి చెరువులు రాకముందు సరస్సు ఎలా ఉండేది? మా నాన్న ఒకటి చెప్తాడు, మావయ్య ఇంకోటి చెప్తాడు. ఇద్దరి దగ్గరా ఒక్క అంకె లేదు.

మంగినపూడి బీచ్‌లో ఇసక కంటే నల్లమట్టే ఎక్కువ. అక్కణ్ణించి పోర్టు వైపు చూస్తే సముద్రంలోకి పోసిన రాళ్ల గట్టు, టిప్పర్లు. 2023 మే 22న శంకుస్థాపన జరిగిన పని. మొదటి దశలో నాలుగు బెర్తులు.

ఆ రాళ్ల గట్టు గురించే చదువుకుని వెళ్లాను. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. అడ్డంగా గట్టు కడితే దక్షిణాన ఇసక మేటేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నైలో హార్బర్ కట్టాక మెరీనా వెడల్పయింది, రాయపురం వైపు సముద్రం లోపలికొచ్చింది. విశాఖలో పోర్టు తవ్విన ఇసకని ఆర్కే బీచ్ మీద పోస్తూనే ఉండాల్సొస్తోంది.

కాబట్టి రేవు కట్టేటప్పుడు కొలవాల్సినవి చాలా ఉంటాయి. ఒడ్డు గీత, తవ్వకంతో లేచే బురద, నీళ్లలో ఆక్సిజన్, టిప్పర్ల దుమ్ము, రాత్రి పూట చప్పుడు. పీఎం10 ఇరవై నాలుగ్గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. చలికాలంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల లెక్కా ఉండాలి. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకున్నవాళ్లు ఆరు నెలలకోసారి, జూన్ 1కి, డిసెంబర్ 1కి, షరతులు ఎలా పాటించారో నివేదిక ఇవ్వాలి. మా ఆఫీసులో సర్వర్ లాగ్‌లూ ఇలాగే రోజూ నిండుతాయి, ఏదైనా కూలిపోయేదాకా ఎవరూ తెరవరు. పైగా ఈ నివేదికలు ఇంగ్లీషులో. వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగితే, "మాకెవరూ చూపించలేదు బాబూ" అన్నాడు.

మావయ్యకి నాకు తోచింది చెప్పాను. ఉప్పుటేరు మొగ ఇక్కడ కాదు, ఈశాన్యంగా ఇంకా దూరం. కొల్లేటికి ఉప్పెక్కేది పైనుంచి తమ్మిలేరు, బుడమేరు నీళ్లు చాలనప్పుడు, పోర్టు తవ్వినందుకు కాదు. కాకపోతే ఆ మొగ కూడా రేవుకి ఉత్తరం వైపే ఉంది. ఇసక కదలిక మారి అక్కడ ఏమవుతుందో చూడాలంటే ఇప్పటి ఒడ్డు గీత రాసి ఉండాలి. నన్నడిగితే పోర్టు గేటు దగ్గరే కాదు, ఆ మొగదాకా కొలవాలి.

"అంటే కొల్లేటికి చెయ్యనిది దీనికి చెయ్యాలంటావు," అన్నాడు మావయ్య.

పెన్ను సముద్రంలో ముంచాను. అంకె రాలేదు. దాని పరిమితి పదివేల లోపు, సముద్రం ముప్పై వేలు దాటుతుంది. మావయ్య నవ్వాడు. "నా నాలికే నయం!"

బందరు లడ్డూలు కొనుక్కుని, వచ్చేటప్పుడు ఆకివీడు దారి పట్టాం. ఉప్పుటేరు వంతెన దగ్గర కారాపమన్నాడు. బకెట్‌కి తాడు కట్టి నీళ్లు తోడాడు, ఈసారి అంకె వచ్చింది. ఫోన్లో తేదీ, టైము, అంకె రాసుకుంటుంటే మావయ్య నా భుజం మీంచి తొంగిచూశాడు.

"ఇప్పుడు పోటా, పాటా? అది రాయకపోతే ఆ అంకెతో ఏం చేస్తావురా?"

వంతెన కింద నీళ్లు ఎటు పోతున్నాయో చూడ్డానికి ఇద్దరం మళ్లీ కిందికి దిగాం.