పందిరి కింద ఆఫీసు

ఏమాటకామాటే చెప్పుకోవాలి, కొత్త ఫ్యాషను ఇళ్ళంటే నాకు మహా మోజు. గాజు గోడలూ, నేలకి ఆనీ ఆననట్టుండే సోఫాలూ చూస్తే అక్కడినించి కదలబుద్ధి కాదు. కానీ మారేడుపల్లిలో మా పాత వరండా పడగొట్టి ముందంతా గాజు పెట్టిద్దామని మావారనగానే చార్లెస్ కొరియాని అడ్డం పెట్టాను. ఆయన 1930లో పుట్టింది మన సికింద్రాబాదులోనే! 1960లలో ఇసిఐఎల్ ఆఫీసుకి ప్లాను వేసినప్పుడు, ఆయన ముందు లెక్కలోకి తీసుకున్నది మన ఎండని. మిద్దె మీద సూర్యుణ్ణి ఆపడానికి పందిరి వేశారు. పెళ్ళి పందిరి కాదండీ, ఆఫీసు పందిరి! అంత ఆధునికమైన కట్టడానికి మన పాత తెలివి ఎంత అందంగా అమరిందో!

"గాజు పెట్టి, దానికి మళ్ళీ పరదాలు కట్టుకోవడానికా ఇంత ఖర్చు? అత్తయ్యగారి పడక్కుర్చీ ఎక్కడ వెయ్యమంటారు?" అన్నాను.

మావారు ప్లాను మడిచారు, మళ్ళీ విప్పారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.