ఫిర్యాదుల పుస్తకంలోంచి పుట్టిన తెర

‘సర్వర్ డౌన్’ అన్న మాట మన ఊళ్లలో ‘కరెంటు పోయింది’ అన్నంత మామూలైపోయింది. పోయిన ఏడాది మా అమ్మను వెంటబెట్టుకుని ఓ కార్యాలయానికి వెళ్తే, ఆ ఒక్క మాటతో మూడు గంటలు వరండాలో కూర్చోవలసి వచ్చింది. కౌంటరులో ఉన్న కుర్రాడు మర్యాదస్తుడే. ఎప్పుడు వస్తుందని అడిగితే తెలియదన్నాడు. ఎందుకు పోయిందంటే అదీ తెలియదన్నాడు. అతను దాచిందేమీ లేదు, అతనికి తెలిసే దారే లేదు. అలాంటి దారి ఎలా వేస్తారో దగ్గరుండి చూడాలన్న కోరిక ఆ రోజే పుట్టింది.

అందుకే మా మేనకోడలు ఫోన్ చేసి “కాలేజీకి సొంతంగా డ్యాష్‌బోర్డు కట్టుకున్నాం, ఒకసారి వచ్చి చూడండి మావయ్యా” అనగానే రాజమండ్రి రైలెక్కాను. అక్కడి నుంచి బస్సులో గంట ప్రయాణం చేస్తే వాళ్ల ఊరు. ఆ అమ్మాయి ఆ ఊరి ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. ల్యాబుల్లో కంప్యూటర్లు, ప్రతి అంతస్తులో స్విచ్‌లు, హాస్టళ్లలో వైఫై పెట్టెలు, సర్వర్లు, యూపీఎస్‌లు అన్నీ తన బాధ్యతే. సాయానికి ఒక ల్యాబ్ అసిస్టెంటు, అవసరమైనప్పుడు కాలేజీ ఎలక్ట్రీషియను.

లైబ్రరీ వెనక చిన్న గది. దుమ్ము రాకుండా చెప్పులు బయటే వదలాలి. లోపల ఏసీ చల్లదనం, ఫ్యాన్ల హోరు, గోడకు పెద్ద టీవీ. నేను నేరుగా టీవీ వైపు నడవబోతే మేనకోడలు ఆపి, బల్లమీది పొడుగాటి రిజిస్టరు నా చేతిలో పెట్టింది. “ముందు ఇది చదవండి. తెర తర్వాత చూద్దురు గాని.”

అది ఫిర్యాదుల పుస్తకం. ఒక్కో వరుసలో తేదీ, సమయం, చోటు, విషయం. ‘మూడో ల్యాబ్‌లో మధ్యాహ్నం నెట్ నడవట్లేదు.’ ‘ఆఫీసులో ప్రింటు రావడం లేదు.’ ‘హాస్టల్ రెండో అంతస్తులో రాత్రి తొమ్మిది దాటితే ఏదీ తెరుచుకోదు.’ రకరకాల చేతిరాతలు, రకరకాల సిరాలు. కారణం ఏ ఒక్కరూ రాయలేదు, రాయడం వాళ్ల పని కూడా కాదు. కానీ ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రం ప్రతి ఒక్కరూ రాశారు. “నా డ్యాష్‌బోర్డుకు పునాది ఇదే” అంది.

ఇది రెండో ప్రయత్నమట. మొదటిసారి రెడీమేడ్ నమూనా ఒకటి దించి తెరనిండా గడియారాల్లాంటి మీటర్లు పేర్చింది. వచ్చినవాళ్లంతా చూసి మెచ్చుకున్నారు. పదిహేను రోజులు తిరిగేసరికి అటు చూసేవాళ్లే లేరు. “సీపీయూ 70 శాతం అని కనిపిస్తుంది మావయ్యా. 70 అయితే ఎవరు లేవాలి? ఎక్కడికి వెళ్లాలి? కట్టిన నాకే తెలియదు. రాత్రంతా లెక్కలు చేసే సర్వరుకు 100 శాతం కూడా ఆరోగ్యమే. అదే, ఏ పనీ లేని సర్వరు 40 చూపిస్తే అనుమానించాలి.”

దాంతో ఆ తెర మొత్తం తీసేసింది. ల్యాబ్ అసిస్టెంటూ తనూ కూర్చుని రిజిస్టరులోని ఫిర్యాదులన్నిటినీ చోటు వారీగా, వేళ వారీగా, చివరికి తేలిన కారణం వారీగా విడదీశారు. ఆ తర్వాతే తెరమీద ఒక్కో ప్యానెల్ మొదలైంది. ఏ ప్యానెల్ పెట్టినా దాని వివరణలో అది రిజిస్టరులో ఏ పేజీలోని ఫిర్యాదుకు జవాబో రాసి ఉంటుంది. ఫిర్యాదు లేని ప్యానెల్‌కు తెరమీద చోటు లేదు.

అసలు ఈ పెట్టెలు తమ సంగతి ఎలా చెబుతాయి? నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. స్విచ్‌లు, రౌటర్లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు, వీటిలో చాలావాటికి ఎస్ఎన్ఎంపీ అనే ఉమ్మడి భాష వచ్చు. 1988 నుంచీ ఉన్న పద్ధతి ఇది. పరికరం 161వ నంబరు పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. ‘ఎంతసేపటి నుంచి నడుస్తున్నావు, ఈ పోర్టులోంచి ఎన్ని బైట్లు పోయాయి’ అని అడిగితే అంకె చెబుతుంది. పాత రకంలో అడిగేవాడిని గుర్తుపట్టడానికి ‘పబ్లిక్’ లాంటి ఒక్క మాటే ఆధారం, అదీ దాపరికం లేకుండా వైర్లో పోయేది. ఇక్కడ అన్నీ మూడో వెర్షనుకు మార్చారు, అందులో గుర్తింపూ సంకేత భాషా ఉన్నాయి.

అలా వచ్చిన అంకెలను పోగుచేసేది ప్రొమీథియస్. 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలై, తర్వాత అందరికీ ఉచితంగా అందిన సాఫ్ట్‌వేర్. దానికి ఎస్ఎన్ఎంపీ నేరుగా రాదు కాబట్టి మధ్యలో ఎక్స్‌పోర్టర్ అనే దుబాసీ ఉంటుంది. పోగైనదాన్ని గీతలుగా తెరమీద చూపేది గ్రఫానా, 2014లో తొలిసారి విడుదలైంది. ప్రొమీథియస్ మామూలుగా 15 రోజుల లెక్కలే దాచుకుంటుంది. మా అమ్మాయి దాన్ని ఏడాదికి పెంచింది. ఈ సెమిస్టరు నెట్ మందంగా ఉందని ఎవరైనా అంటే పోయిన సెమిస్టరుతో పోల్చి చూడాలి కదా.

ఇందులో నాకు బాగా పట్టుబడిన విషయం కౌంటరు. స్విచ్ ‘ఇప్పుడు వేగం ఇంత’ అని చెప్పదు. మొదటి నుంచీ ఎన్ని బైట్లు పోయాయో మొత్తం చెబుతుంది. అచ్చం మన ఇంటి కరెంటు మీటరే. ఈ నెల రీడింగులోంచి పోయిన నెల రీడింగు తీసేస్తే వాడకం వచ్చినట్టు, ఈ నిమిషం అంకెలోంచి పోయిన నిమిషం అంకె తీసేసి సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. పాత మీటరు తొమ్మిదులన్నీ నిండగానే సున్నాకు తిరిగినట్టే ఈ కౌంటరూ తిరుగుతుంది. పాత 32 బిట్ల కౌంటరు 4,29,49,67,296 దగ్గర సున్నా అవుతుంది. గిగాబిట్ లైను నిండుగా నడిస్తే అందుకు 34 సెకన్లు చాలు. మనం నిమిషానికోసారి చూస్తూ ఉంటే మధ్యలో ఎన్నిసార్లు తిరిగిందో తెలియక లెక్క తప్పుతుంది. మొదటి తెరమీద ముఖ్యమైన లైన్లన్నీ ఖాళీగా ఉన్నట్టు కనిపించడానికి కారణం అదేనట. 64 బిట్ల కౌంటరు అడగడం మొదలెట్టాక గీత నిజం చెప్పింది.

ఇలాంటి గీతల కథ కూడా ఒక కాలేజీలోనే మొదలైందని తెలిసి సంతోషం కలిగింది. 1994లో ఇంగ్లండులోని డి మాంట్‌ఫోర్ట్ విశ్వవిద్యాలయంలో టోబియాస్ ఓటికర్ పనిచేస్తున్నప్పుడు, అక్కడి వాళ్లకు బయటి ప్రపంచంతో ఉన్నది ఒకే ఒక్క 64 కిలోబిట్ల లైను. అది ఎలా నడుస్తోందో అందరికీ కావాలి. ఆయన ఎంఆర్‌టీజీ అనే చిన్న ప్రోగ్రాం రాసి, గీత గీసి అందరికీ కనబడేలా పెట్టాడు. అయిదు నిమిషాలకోసారి అడగడం, తేడా లెక్కగట్టడం, గీయడం. తర్వాత అది ప్రపంచమంతా పాకింది. దాని వెనకా ఉన్నది నలుగురూ అడుగుతున్న ఒక ప్రశ్నే.

ఇప్పుడు తెర చూశాను. పైవరుసలో చోట్ల పేర్లు: మొదటి ల్యాబ్, రెండో ల్యాబ్, పరీక్షల విభాగం, హాస్టళ్లు. పెట్టెల మోడల్ నంబర్లు ఎక్కడా లేవు. ఫిర్యాదు చేసేవాళ్లు వాడే పేర్లే తెరమీదా ఉన్నాయి. ఒక మూల బూడిద రంగు గడి ఒకటి కనిపిస్తే ఏమిటని అడిగాను. “అది జవాబు రాని పరికరం. మొదట్లో అంకె రాకపోతే గీత ఆగిపోయి ఊరుకునేది. చూసేవాళ్లు అంతా ప్రశాంతంగా ఉందనుకునేవారు. సున్నాకూ మౌనానికీ తేడా ఉంది మావయ్యా. అందుకే మౌనానికి వేరే రంగు ఇచ్చాను.” మరి ఈ కాపలా సర్వరే పడిపోతే? హాస్టల్ భవనంలో అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై ఒకటి పెట్టారు. అది ఈ సర్వరును నిమిషానికోసారి పలకరిస్తుంది. పలక్కపోతే ఫోన్‌కు కబురు పంపుతుంది.

డిస్కుల ప్యానెల్ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. అక్కడ శాతం లేదు, రోజులున్నాయి. ఇదే వరసలో నిండుతూ పోతే ఎన్ని రోజుల్లో డిస్కు నిండిపోతుందన్న అంచనా అది. 45 రోజులకు దిగగానే రంగు మారుతుంది. 45 ఎందుకంటే, కొటేషన్లు తెప్పించి, ప్రిన్సిపాల్ గారి సంతకమై, బిల్లు పాసై, కొత్త డిస్కు చేతికి రావడానికి ఆ కాలేజీలో పట్టేది దాదాపు అంత. ఆ అంకె ఏ పుస్తకంలోనూ దొరకదు, ఆ ఆఫీసులో ఫైలు నడిచే తీరులోంచి వచ్చింది. యూపీఎస్‌ది కూడా అంతే. బ్యాటరీ శాతం బదులు, ఇంకా ఎన్ని నిమిషాలు ఆగగలదో యూపీఎస్ వేసే అంచనాను చూపిస్తారు. ఆ ప్యానెల్ జనరేటరు నడిపే ఆయన ఫోన్‌లోనూ ఉంది. ఆయనకు కావలసింది నిమిషాలే.

మాట్లాడుతుండగానే మధ్యాహ్నం రెండున్నర అయింది. మూడో ల్యాబ్ గీత పైకి లేచి ఒకచోట గోడకు తగిలినట్టు ఆగిపోయింది. అక్కడి నుంచి బల్లపరుపుగా సాగుతోంది. “చూడండి, 95 మెగాబిట్ల దగ్గర నిలిచిపోయింది. పిల్లల వాడకం ఇలా నున్నగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. నున్నగా ఉందంటే పైన ఏదో మూత పడ్డట్టే.” కింద ఆ పోర్టు వేగం చూపే చిన్న గడిలో 1000 ఉండాల్సిన చోట 100 ఉంది. “అన్నయ్యా, మూడో ల్యాబ్‌కి నిచ్చెన పట్టుకురా” అని ఎలక్ట్రీషియనుకు ఫోన్ చేసి లేచింది. నేనూ వెంట నడిచాను.

ల్యాబ్‌లో తలుపు పైనుంచి దిగే కేబులు ఒకచోట కొత్తగా జరిపిన ఇనుప బీరువాకూ గోడకూ మధ్య నలిగి ఉంది. ఎలక్ట్రీషియను బీరువా జరిపి కేబులు బయటికి లాగాడు. టెస్టరు పెడితే నాలుగు జతల తీగల్లో ఒక జత పలకలేదు. గిగాబిట్ వేగానికి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే స్విచ్ గొడవ చేయకుండా బాగున్న వాటిలో రెండు జతలతోనే సర్దుకుని తక్కువ వేగానికి దిగిపోయింది. ‘లింకు ఉందా’ అని మాత్రమే చూసే తెర అయితే ఇక్కడ పచ్చగానే చూపించేది. ఆయన నలిగినంత మేర కోసేసి, రంగుల వరసలో తీగలు పేర్చి, కొత్త కనెక్టరు దూర్చి క్రింపింగ్ టూలుతో నొక్కాడు. పది నిమిషాల పని. వెనక బెంచీలోని ఒక అమ్మాయి “వచ్చింది మేడమ్” అంది. గదికి తిరిగొచ్చేసరికి గీత ఆ గోడ దాటి ఎగుడుదిగుడుగా నడుస్తోంది. మేనకోడలు రిజిస్టరు తీసి, ఆ వారం మొదట్లో ఎవరో రాసిన ‘మూడో ల్యాబ్ నెట్’ వరుస పక్కన కారణం, సరిచేసిన సమయం రాసింది.

ఫోన్‌కు వచ్చే అలర్టుల విషయంలో వాళ్లది ఒకటే నియమం: ఎవరో ఒకరు లేచి వెళ్లాల్సిన పని ఉంటేనే ఫోన్ మోగాలి. మిగతావన్నీ తెరమీద ఉంటే చాలు. ఫోన్ మోగేది కూడా సమస్య అయిదు నిమిషాలు వరసగా నిలిస్తేనే. ఒకప్పుడు రాత్రిళ్లు ఫోన్ అదేపనిగా మోగేదట. అలా మోగీ మోగీ ల్యాబ్ అసిస్టెంటు గారు దాన్ని సైలెంటులో పెట్టేశారు. నిజంగా ఏసీ ఆగిపోయిన రాత్రి కబురు వచ్చింది గానీ వినేవాళ్లు లేరు. తెల్లారేసరికి గది ఆవిరి పట్టినట్టు వేడెక్కింది. ఆయన తప్పు లేదని మేనకోడలు గట్టిగా చెప్పింది. “అన్నిటికీ మోగించినదాన్ని నేను.” తర్వాత ప్రతి అలర్టుకూ ఎదురుగా ఎవరు వెళ్లాలి, వెళ్లి మొదట ఏం చూడాలి అన్నది తెలుగులో రెండు వాక్యాలు రాసిపెట్టింది. ఆ రెండు వాక్యాలు రాయలేని అలర్టును తీసేసింది.

సాయంత్రం బయల్దేరబోతుంటే లైబ్రరీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రిజిస్టరు తిప్పి, కళ్లజోడు సర్దుకుని నింపాదిగా రాశారు: ‘వైఫై ఉంది. పుస్తకాల కేటలాగు మాత్రం తెరుచుకోవడం లేదు. నాలుగు గంటల నుంచి.’ తలెత్తి టీవీ చూశాను. లైబ్రరీ గడి పచ్చగా ఉంది. స్విచ్ బాగుంది, సర్వరు బాగుంది, లైనూ బాగుంది. మేనకోడలూ అదే చూసింది. తెర చూపించి ‘మా దగ్గర అంతా బాగానే ఉందండీ’ అని ఆమె అనవచ్చు. ఆ మాట ఎన్ని కౌంటర్ల దగ్గర వినలేదు!

ఆమె అనలేదు. “నాలుగింటి నుంచా అండీ? పదండి, మీ సీటు దగ్గరే చూద్దాం” అంటూ లేచింది. వెళ్తూ వెళ్తూ ఆ రోజు పేజీ నంబరు చిన్న కాగితం మీద రాసుకుని, తెర కింది అంచున అతికించింది. అక్కడ అలాంటి కాగితాలు మరో రెండు ఉన్నాయి. ఇంకా కట్టాల్సిన ప్యానెళ్లవి.

చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే వరండాలో కూర్చున్న మా అమ్మ గుర్తొచ్చింది. ఆ కౌంటరు కుర్రాడి ముందు కూడా ఇలాంటి రిజిస్టరు ఒకటి ఉండి, దాన్ని శ్రద్ధగా చదివే మనిషి వెనక గదిలో ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.