నాలుగణాల నొప్పి

మా నాయనగారికి 1986లో పొట్ట ఆపరేషను జరిగినది. మత్తు వదలిన తరువాత మూడు రోజులు ఆయన దగ్గలేదు. దగ్గితే కుట్లు తెగునని భయము. నిండుగా ఊపిరి తీయలేదు. కఫము రొమ్మున చేరి జ్వరము పట్టినది. ప్రాణముతో తిరుమంగళం తిరిగి వచ్చారు గాని, ఆ మూలుగు మా అన్నదమ్ములము నేటికీ మరువలేదు.

అందుచేతనే నిరుడు అమ్మకు బొడ్డు దగ్గర హెర్నియా ఉన్నదని, కోసి కుట్టవలెనని మధురలో చెప్పినప్పుడు, "మీ నాయన పడినది చాలదా?" అని ఆమె గోడ వైపు తిరిగి పడుకొన్నది. ఎనిమిది నెలలు వాయిదా వేశాము. మన పెద్దలు జడిసేది కత్తికి కాదు, ఆ తరువాతి రాత్రికి.

చివరకు మత్తు డాక్టరమ్మ కాగితము మీద బొమ్మ గీసి చూపినది. పొట్ట ప్రక్కన గోడలో మూడు కండరపు పొరలున్నవి. కోత నొప్పిని మోసే నరాలు లోపలి రెండు పొరల నడుమ సాగుతవి. అక్కడ ఇరువైపులా మందు వేస్తే ఆ కబురు మెదడుకు చేరదు. నడుము ప్రక్కనున్న చిన్న త్రికోణమును చేతితో గుర్తించి సూది వేసే మార్గమును 2001లో రఫీ అను వైద్యుడు వ్రాసినాడు. అల్ట్రాసౌండు తెరపై పొరలను చూస్తూ వేసే పద్ధతి 2007లో వెలువడినది. సూది మొన కంటికి కనబడుట చిన్న సంగతి కాదు.

లోపలి అవయవాల నొప్పికి ఇది పనిచేయదనీ, మందు బలము సుమారు అర రోజు, ఒక్కొక్కప్పుడు రోజు మాత్రమేననీ చెప్పినది. మోతాదు మించి రక్తములో కలిస్తే మూర్ఛ రావచ్చును, గుండె లయ తప్పవచ్చును. కనుక మనిషి బరువును బట్టి కొలుస్తారు. ఇవి దాచకుండా చెప్పినందుకే మాకు నమ్మకము కుదిరినది. అమ్మ మాత్రము, "దగ్గవచ్చునా?" అని ఒక్కటే అడిగినది.

ఆపరేషనైన సాయంత్రము నర్సు వచ్చి, నొప్పి పదికి ఎంత అని తమిళములో అడిగినది. అమ్మ తెలుగులోనే, "పదహారణాలకు నాలుగణాలు" అన్నది. నర్సు మా వైపు చూచినది. మేము వ్రేళ్ళు మడిచి లెక్కకట్టి రెండున్నర అన్నాము, అదే వ్రాసుకొన్నది. అమ్మ దిండు పొట్టకు అదుముకొని దగ్గినది. మేము ఊపిరి బిగబట్టాము. మళ్ళీ దగ్గినది.

మరునాడు మధ్యాహ్నము మందు దిగగా ఎనిమిదణాలకు ఎక్కినది, మాత్రలతో తగ్గినది. అప్పటికే వరండాలో రెండుసార్లు నడచి వచ్చి, కాఫీలో చక్కెర చాలలేదని మాతో తగవు పెట్టుకొన్నది.