చదరంగానికి సమాధానమున్నదా?

ఉన్నది. అది ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు. తెల్లపావుల వాడు ఎదుటివాడు ఏమి ఆడినా గెలువగలడు. లేదా నల్లపావుల వాడు గెలువగలడు. లేదా ఇద్దరూ ఓటమిని తప్పించుకోగలరు. ఈ మూడింటిలో ఒకటి నిజమై తీరాలి, నాలుగవది లేదు. ఈ ఆలోచనకు మూలం 1913లో ఎర్నెస్ట్ జెర్మెలో అనే జర్మను గణితజ్ఞుడు రాసిన చిన్న వ్యాసం.

ఈ విషయం నా తలలో చేరడానికి కారణం మా మేనల్లుడు. ఎనిమిదేళ్ళుగా ఆడుతున్న ఆటను వాడు ఉన్నట్టుండి మానేశాడు. "మామయ్యా, ఫోనులో ఉన్న ప్రోగ్రాముకు అన్నీ తెలుసు. ఇక నేను ఆలోచించేదేముంది?" అన్నాడు. వాడి మాటలో నిస్పృహ కన్నా ఆ "అన్నీ తెలుసు" అన్నదే నన్ను పట్టుకున్నది. ఎందుకంటే అది నిజం కాదు. యంత్రం మనకన్నా బాగా ఆడుతుంది. కాస్పరోవ్ 1997లో డీప్ బ్లూ చేతిలో ఓడిన నాటినుండీ ఈ మాట పాతదే. కానీ బాగా ఆడటం వేరు, నిరూపించటం వేరు. యంత్రం చెప్పేది గట్టి అభిప్రాయమే తప్ప తీర్పు కాదు.

నియమాల ప్రకారం బల్ల మీద సంభవించగల స్థితుల సంఖ్య ఒకటి పక్కన 44 సున్నాల స్థాయిలో ఉంటుందని అంచనా. సెకనుకు వంద కోట్ల స్థితులు చూడగల యంత్రాలను వంద కోట్లు ఒక్కచోట చేర్చినా, అన్నీ చూసేసరికి విశ్వం వయసుకు వంద కోట్ల రెట్ల కాలం గడుస్తుంది. అయితే అన్నీ చూడనక్కరలేదు. చెకర్స్ ఆటలో ఒకటి పక్కన ఇరవై సున్నాలకు పైబడిన స్థితులున్నా, కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షేఫర్ బృందం అందులో అత్యల్ప భాగాన్నే పరిశీలించి, ఇరువురూ తప్పు చేయకపోతే ఆట డ్రా అని 2007లో తేల్చింది. 1989లో మొదలుపెట్టిన పని అది. మన పులి-మేకకు దాయాది అనదగిన నేపాలీ బాఘ్‌చాల్‌ను కూడా పరిశోధకులు డ్రా అనే తేల్చారు. కనుక చదరంగం ఎన్నటికీ తేలదని నేను ఒట్టు పెట్టను. మన జీవితకాలంలో తేలదనుకుంటాను, అంతే.

చివరినుండి వెనక్కి నడుస్తూ మనుషులు కొంత గెలుచుకున్నారు. రాజులతో కలిపి ఏడు పావులకు మించని స్థితులన్నిటికీ నేడు ఖచ్చితమైన జవాబులున్నాయి. 2012లో మాస్కోలో తయారైన అటువంటి పట్టికకు 140 టెరాబైట్లు పట్టింది. అందులో ఒక స్థితిలో ఆటకట్టుకు 549 ఎత్తులు కావాలి! ఎనిమిదో పావు చేరిస్తే పట్టిక సుమారు నూరింతలవుతుంది. మొదట్లో బల్ల మీద ఉండేవి ముప్పైరెండు.

ఈ పట్టికలు చెప్పిన వాటిలో నాకు మరీ నచ్చినది రెండు శకట్ల కథ (మా ఇంట్లో ఒంటె అనేవారు, మీ వైపు ఏమంటారో). రెండు శకట్లకు ఎదురుగా ఒక్క గుర్రం మిగిలితే, గుర్రం వాడు ఒక మూల కోట కట్టుకుని డ్రా చేసుకోగలడని పందొమ్మిదో శతాబ్దం నుండీ ఉద్దండులందరూ నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ (అవును, యూనిక్స్ థాంప్సనే) కంప్యూటరుతో లెక్కించి చూస్తే ఆ కోట నిలువలేదు. శకట్లదే గెలుపు, కాకపోతే 66 ఎత్తుల దాకా పట్టవచ్చు. యాభై ఎత్తులలో బంటు కదలక, పావు పోకపోతే డ్రా అడగవచ్చన్న నియమం ఉన్నది కదా! అటువంటి ముగింపుల కోసం నియమాన్నే కొంతకాలం సడలించి, మళ్ళీ యాభైకే వచ్చారు.

మేనల్లుడికి ఈ కథ చెప్పి, బల్ల మీద ఆ నాలుగు పావులూ, గుర్రమూ పెట్టాను. గెలుపు ఉన్నదని ఇద్దరికీ తెలుసు. శకట్లు వాడివి. గంటన్నర తరువాత కూడా నా గుర్రం బ్రతికే ఉన్నది. వాడు ఫోను తీయబోయి, మళ్ళీ జేబులోనే పెట్టుకుని, "ఉండు మామయ్యా, ఇంకొక్కసారి మొదటినుంచీ" అన్నాడు. భోజనానికి పిలుపు వచ్చినా లేవలేదు.