కొండమీద చెరువు... అద్దె ఇంట్లో నాలుగు రోజులు

వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మీ ఇంట్లోనూ ఆ మాట మొదలయ్యే ఉంటుంది. "ఈసారైనా ఎక్కడైనా చల్లని చోటికి పోదాం" అని పిల్లలు. "హోటల్ గదులెందుకు, అందరం కలిసి ఒక ఇల్లే తీసుకుందాం, మన వంట మనమే చేసుకోవచ్చు" అని మగవాళ్ళు. ఆ 'మనమే' అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఆ 'మనం' ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు!

మాది మడకశిర. మూడేళ్ళ క్రితం ఇలాగే మూడు కుటుంబాల వాళ్ళం, పదమూడు మందిమి, ఒక కొండ ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం. తిరిగొచ్చాక ఫోటోలు చూసుకుంటే నేనూ, నా తోడికోడలూ ఒక్కదాంట్లోనూ లేము. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బజ్జీలు, రాత్రి చపాతీలు. ఆరువందల కిలోమీటర్లు పోయి, వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ చూసి దిగొచ్చామన్నమాట.

అందుకే పోయిన మే నెలలో కొడైకెనాల్ మాట రాగానే మేమిద్దరం ముందే షరతు పెట్టాం. "ఇల్లు తీసుకోండి, వద్దనం. కానీ చెరువు మేమూ చూడాలి."

నిజానికి ఆ మాట మాకంటే ముందు అన్నది మా అత్తయ్య. ఆమెకు డెబ్భై దాటాయి. మా అనంతపురం సీమలో (2022 నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది) ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లే. ఆ కాస్త కూడా వేరుశనగ పైరుకు అదనులో పడదు. చెరువు నిండి మరవ పారిన ఏడు మాకు పండగ. బండ్లు కట్టుకుని చూడటానికి పోయేవాళ్ళట. "ఎండాకాలంలో నిండిన చెరువు ఎట్లుంటుందో ఒక్కతూరి చూడాలమ్మా" అన్నది ఆమె. ఇక ఎవరూ కాదనలేకపోయారు.

ఇల్లు మాట్లాడుకునే ముందు

ఇల్లు ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. "చెరువు కనిపించే ఇల్లు, మూడు పడకగదులు, వంటిల్లు, గ్యాసు, వేడినీళ్ళు" అన్నారు. ఫోటోలు ముచ్చటగా ఉన్నాయి. అడ్వాన్సు పంపేశాం. తీరా వెళ్ళి చూస్తే చెరువు కనిపించేది మేడ మీంచి, అదీ చెట్ల సందులోంచి, అద్దం పెంకంత! దిగి నడవాలంటే మూడు కిలోమీటర్లు. గీజరు ఒకటే. మనుషులం పదమూడు మందిమి.

తప్పు ఇంటి వాళ్ళదే అనుకోండి. కానీ అడగకపోవడం మాది. మీరు మాత్రం ఇవి అడగండి:

చెరువు 'కనిపిస్తుందా' అని కాదు, 'ఎన్ని నిమిషాలు నడవాలి' అని అడగండి. ఎత్తు దిగాలా, మెట్లున్నాయా అన్నది పెద్దవాళ్ళున్న ఇంటికి ముఖ్యం. స్నానాల గదులెన్ని, గీజర్లెన్ని? పరుపులు ఎన్ని, రగ్గులు ఎన్ని? గ్యాసు సిలిండరు నిండుగా ఉందా, అయిపోతే ఎవరు తెస్తారు? పెద్ద కుక్కరు, పెద్ద గిన్నెలు ఉన్నాయా? యాత్రికులకు అద్దెకివ్వడానికి ఆ ఇంటికి అనుమతి ఉందా? అన్నిటికంటే ముందు, నీళ్ళు ఎక్కడివి? కుళాయా, బావా, ట్యాంకరా?

అడ్వాన్సు మూడోవంతుకు మించి ఇవ్వకండి. ప్రయాణం ఆగిపోతే ఎంత తిరిగిస్తారో రాతలో తీసుకోండి. ఫోన్‌లో మెసేజి అయినా చాలు. మన వాళ్ళ మధ్య లెక్కలూ అంతే. పెద్దవాళ్ళకు ఒక వంతు, పిల్లలకు అర వంతు, అత్తామామలకు లెక్కే లేదు అని బయల్దేరే ముందే అనేసుకోండి. డబ్బు అందరిదీ కలిపి ఒకరి చేతిలో పెట్టండి. తర్వాత "నేను పాలకిచ్చాను, నువ్వు టీకిచ్చావు" అన్న మాటలు రావు. చుట్టరికాలు చెడేది అక్కడే!

ఇంకొక సంగతి. 2024 మే 7 నుంచి, మద్రాసు హైకోర్టు ఆదేశం మీద, ఊటీకైనా కొడైకెనాల్‌కైనా బయటినుంచి వచ్చే బండ్లకు ఈ-పాస్ పెట్టారు. తమిళనాడు ప్రభుత్వం వెబ్‌సైటులో తీసుకోవాలి. ఆ నిబంధన ఎప్పటికప్పుడు మారుతుంటుంది కనుక బయల్దేరే ముందు చూసుకోండి. చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలను అక్కడ రానివ్వరు. మనిషికొక స్టీలు సీసా పెట్టుకుంటే పేచీ ఉండదు.

ఘాట్ రోడ్డు మీద

మడకశిర నుంచి హిందూపురం, బెంగళూరు, హోసూరు, సేలం, దిండిగల్ మీదుగా వెళ్ళాం. వత్తలగుండు దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపులే మలుపులు. పిల్లలకు వాంతులవుతాయని ముందే తెలుసు కనుక కడుపు నిండా పెట్టకుండా బొరుగులు, నిప్పట్లు చేతికిచ్చాను. ఎండబెట్టిన అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే పెద్దవాళ్ళకూ హాయి. దారిలో కొండ అరటిపళ్ళు అమ్ముతారు. విరూపాక్షి అరటి అంటారు, చిన్నగా ఉన్నా మంచి వాసన. ఒక గెల కొని బండిలో పడేయండి, దిగేలోపు ఖాళీ అవుతుంది.

ఊరు ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందనగా సిల్వర్ కాస్కేడ్ అనే జలపాతం. అందరూ ఫోటోలు దిగుతుంటే డ్రైవరు చెప్పాడు, అవి పైన కొడై చెరువు నుంచి పొర్లి వచ్చే నీళ్ళేనని. అత్తయ్య చటుక్కున తిరిగింది. "అంటే ఇది మరవేనా!" అన్నది. అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు కానీ మా ఇంటిల్లిపాదికీ అర్థమైంది.

కొండమీద వంట

కొడైకెనాల్ ఏడువేల అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కనుక నీళ్ళు 100 డిగ్రీలకు కాదు, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుతకుత ఉడుకుతున్నట్టే ఉంటుంది, పప్పు మాత్రం మెత్తబడదు. మూత లేని గిన్నెలో కందిపప్పు వేసి గంట కాచుకున్నాం! అక్కడ కుక్కరే దిక్కు. ఇంట్లో మూడు కూతలు పెట్టే పప్పుకు అయిదు పెట్టండి. పెరుగు తోడుకోదు, గోరువెచ్చని పాలలో తోడు కాస్త ఎక్కువేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి, హాట్‌ప్యాక్‌లో పెట్టండి. ఇడ్లీపిండి పొంగదు, ఆ జోలికే పోవద్దు. ఉప్మా రవ్వ, అటుకులు, రాగిపిండి, చెనక్కాయల పొడి, చింతకాయ తొక్కు తీసుకెళ్ళండి. చలిలో వేడివేడి రాగిముద్ద, ఊరిబిండి ఎంత రుచో తిని చూడాల్సిందే.

కూరగాయలు మోసుకెళ్ళొద్దు. క్యారెట్, బీన్స్, బంగాళాదుంపలు అక్కడ తాజాగా దొరుకుతాయి. ఆదివారమైతే సంత ఉంటుంది. కొడై కొండ వెల్లుల్లికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఘాటుగా ఉంటుంది, ఇంటికి ఒక కిలో తెచ్చుకోండి.

ఇక మా షరతు సంగతి. వచ్చిన రాత్రే నా తోడికోడలు ఒక కాగితం మీద పనులు రాసి వంటింటి తలుపుకు అంటించింది. పొయ్యి దగ్గర ఒక్కసారికి ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరు మగవాళ్ళు. మధ్యాహ్నం భోజనం బయటే. ఎవరు తిన్న కంచం వాళ్ళే కడగాలి, పిల్లలతో సహా. మా మరిది మొదటిరోజు చేసిన ఉప్మా గోడకు బిళ్ళలు అంటించడానికి పనికొచ్చేది. అయినా అందరం మెచ్చుకుని తిన్నాం. మీరూ అలాగే మెచ్చుకోండి, లేకపోతే రెండోరోజు గరిటె మళ్ళీ మన చేతికే వస్తుంది.

కట్ట యాడుంది?

మర్నాడు తెల్లవారుజామునే మగవాళ్ళు టీ కాస్తుంటే మేం ఆడవాళ్ళం నలుగురం బండిలో చెరువు దగ్గరకు దిగాం. నీళ్ళ మీద మంచు పొగలా కదులుతోంది. పడవలు ఇంకా కట్టేసే ఉన్నాయి. అత్తయ్య శాలువా కప్పుకుని చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. తర్వాత అడిగింది, "కట్ట యాడుంది?"

మంచి ప్రశ్నే! మనం సరస్సు అంటున్నాం కానీ, అది మన చెరువులాగే మనిషి కట్టించినదే. మదురై కలెక్టరుగా చేసిన లెవింజ్ అనే దొర 1863లో వాగులకు అడ్డుకట్ట వేయించి నీళ్ళు నిలిపాడు. మొదటి పడవను తూత్తుకుడి నుంచి తెప్పించాడంటారు. నక్షత్రంలా పాయలు పాయలుగా ఉంటుంది. చుట్టూ రోడ్డు అయిదు కిలోమీటర్లు. పిల్లలకు సైకిళ్ళు, గుర్రాలు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకు ఒడ్డున కూర్చునే బల్లలు. పక్కనే బ్రయంట్ పార్కు. లోయ అంచునే సాగే కోకర్స్ వాక్ 1872 నాటిది. పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. కురింజి ఆండవర్ గుడి తప్పక చూడండి. కురింజి పువ్వు పన్నెండేళ్ళకోసారి కొండంతా నీలంగా పూస్తుంది. 2018లో పూసింది, మళ్ళీ 2030లో. అప్పటికి మీ పిల్లలెంతవాళ్ళవుతారో లెక్కేసుకోండి!

అత్తయ్య మెట్టు దిగి, చేత్తో నీళ్ళు తాకి కళ్ళకద్దుకుంది. నా తోడికోడలు ఫోటో తీసింది. ఈసారి ఆ ఫోటోలో నేనున్నాను. ఇంకొకదాంట్లో ఆమె ఉంది.

ట్యాంకరు వచ్చింది

మూడోరోజు పొద్దున ఇంట్లో కుళాయిలు గుర్రుమన్నాయి. నీళ్ళు లేవు. కాసేపటికి వాకిట్లో పెద్ద చప్పుడు. చూస్తే ట్యాంకరు! మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ ట్యాంకరు ముందు బిందెలు పెట్టి పెట్టి విసిగి కొండెక్కామో, అదే ట్యాంకరు మా వెనకే వచ్చినట్టుంది.

ఇల్లు చూసుకునే ఆమెది తేని వైపు. ఆ ప్రాంతంలో తరాల క్రితం వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆమె ఇంట్లోనూ తెలుగే, కాస్త అరవ యాసతో. యాత్రికులొచ్చే నెలల్లో నీళ్ళకు కటకటేనట. ఈ ఇంటి తొట్టి ట్యాంకరుతో నింపుతారు కానీ, ఆమె తన ఇంటికి మాత్రం కింది వీధి కుళాయి నుంచి రెండు బిందెలు ఎత్తుకుని మెట్లెక్కుతుంది. అత్తయ్య అంతా విని, "చెరువు పక్కనున్నా మోసేది ఆడదేనే" అన్నది.

ఆ పూట నుంచి ఇంట్లో ఆమె పెత్తనం మొదలైంది. స్నానం చెంబు లెక్కన. బియ్యం కడిగిన నీళ్ళు ఇంటి ముందు పూలచెట్లకు. విడిచిన బట్టలు ఉతకొద్దు, మూటకట్టి మడకశిరకే తీసుకుపోదాం. పిల్లలు మొదట గొణిగారు. తర్వాత వాళ్ళే ఒకరి మీదొకరు కాపలా కాశారు. పనావిడ వంతు రెండు బిందెలు రోజూ మా తొట్టిలోంచే పట్టించి, మా మరిది చేత మోయించింది అత్తయ్య.

అందుకే నీళ్ళెక్కడివని అడగమన్నాను. మనం సెలవులకు పోయే చోట మరొకామె కాపురం చేస్తూనే ఉంటుంది. ఆమె బిందెలో నీళ్ళు మన షవరులో పోకుండా చూడటం పెద్ద కష్టం కాదు. కరువు సీమలో కాపురం చేసినవాళ్ళకైతే అసలే కాదు.

వచ్చే ఏడు మళ్ళీ పోదామంటున్నారు. నా తోడికోడలు ఆ పనుల కాగితాన్ని మడిచి గోధుమపిండి డబ్బాలో దాచిపెట్టింది. ఈసారి ఉప్మాలో ఎన్ని నీళ్ళు పోయాలో కూడా కింద రాసింది.